అన్నా పావ్లోవా సంతకం ఉన్న పాత ఫొటో: అసలుదో కాదో ఎలా తేలుతుంది?

లండన్ గోదారి
నమస్కారం అందరికీ. పాత ఫొటోల సంగతి బాగా తెలిసినవాళ్ళు ఉన్నారని ఇక్కడ అడుగుతున్నాను. రష్యన్ బ్యాలే నర్తకి అన్నా పావ్లోవా ఫొటో ఒకటి నా దగ్గరికి వచ్చింది. మా పక్కింటి పెద్దావిడ ఇల్లు మారుతూ ఇచ్చారు. వాళ్ళమ్మగారు అమెరికాలో ఉన్న రోజుల్లో పావ్లోవా ప్రదర్శన చూసి సంపాదించుకున్నారట.

హంస దుస్తుల్లో, కాలి వేళ్ళ కొనల మీద నిలబడి, చేతులు రెండూ ముందుకు వాల్చి ఉంది. నలుపు తెలుపు ఫొటో, కాస్త గోధుమ రంగుకు తిరిగింది. వెడల్పు 20 సెంటీమీటర్లు, ఎత్తు 25 దాకా ఉంటుంది. మందపాటి బూడిదరంగు అట్టకు అంటించారు. కింద కుడివైపు ఇంగ్లిషు అక్షరాల్లో పెద్ద సంతకం, దాని కింద 1924 అని ఉంది. అట్ట అంచున ఉబ్బెత్తు ముద్ర ఏదో ఉంది గానీ చదవడానికి రావడం లేదు.

అమ్మే ఉద్దేశం లేదు. ఆ సంతకం నిజంగా ఆవిడ చేత్తో పెట్టిందేనా? ఇంట్లోనే చూసుకోగల పరీక్షలు ఏమైనా ఉంటే చెప్పండి.

పాతకాగితం
మంచి ఫొటో దొరికిందండి. పరీక్షల కంటే ముందు ఒక మాట. ఇలాంటి ఫొటోకి మూడు తేదీలుంటాయి. ఫొటో తీసింది ఎప్పుడు, ఆ నెగటివ్ (నలుపు తెలుపులు తారుమారుగా ఉండే మూల పలక) నుంచి ఈ ప్రింటు వేసింది ఎప్పుడు, దాని మీద సంతకం చేసింది ఎప్పుడు. మూడూ ఒకటి కానక్కర్లేదు. స్టూడియోలు పేరున్న కళాకారుల నెగటివ్‌లు దాచుకుని ఏళ్ళ తరబడి ప్రింట్లు వేసేవి. కాబట్టి మీ ఫొటో మీదున్న 1924 ఆ మూడో తేదీ మాత్రమే. మొదటి రెండూ వేరేగా తేల్చుకోవాలి.

ముందు పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం ఒకటి కొనండి. నగలవాళ్ళు వాడేదైనా సరే. ముఖం మీద పెట్టి చూడండి. సన్నటి చుక్కల వరసలు కనిపిస్తే అది అచ్చుయంత్రం మీద వేసిన బొమ్మ, అంటే పుస్తకంలోదో, ప్రోగ్రాం కాగితంలోదో. చుక్కలు లేకుండా నలుపు నుంచి తెలుపుకి మెత్తగా మారుతుంటే అసలైన ఫొటో కాగితం మీద వేసిన ప్రింటు.

తర్వాత కిటికీ దగ్గర ఫొటోని అటూ ఇటూ వంచి సంతకం మీద వెలుగు పడేలా చూడండి. సిరా మెరుపు, ఫొటో మెరుపు వేరువేరుగా ఉన్నాయా? పైన రాసిన సిరా అయితే తేడా తెలుస్తుంది. మెరుపు అంతటా ఒక్కటే అయితే ఆ సంతకం బొమ్మతో పాటు ముద్రించిందే. ఆ కాలంలో తారల పోస్టుకార్డుల మీద అచ్చు సంతకాలు వేసి వేల సంఖ్యలో అమ్మేవాళ్ళు. అభిమానుల వారసులు ఎక్కువగా మోసపోయేది అక్కడే.

డార్క్‌రూమ్ బాబాయ్
పాతకాగితం గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. నేను విజయవాడలో స్టూడియో నడిపినవాణ్ణి, చేత్తో ప్రింట్లు వేసిన రోజుల నుంచీ. నెగటివ్ మీదే సిరాతో సంతకం చేస్తే ఆ గీతల దగ్గర వెలుతురు దిగదు. ప్రింటులో అక్షరాలు తెల్లగా వస్తాయి. అందుకే పాత ఫొటోల మీద తెల్ల అక్షరాల్లో కనిపించే పేర్లలో చాలా భాగం నెగటివ్ మీద రాసినవే. మీది నల్ల సిరానా, తెల్లగా ఉందా?

ఇంకో ముఖ్యమైన మాట. సిరా అసలుదో కాదో చూద్దామని తడి దూది పెట్టొద్దు తల్లీ. వేలితో రుద్దొద్దు. కొంతమంది అదే సలహా ఇస్తారు, వినకండి.

కొత్తగా చేరాను
పెద్దలు క్షమించాలి, నాకు ఈ నర్తకి గురించి ఏమీ తెలియదు. ఎందుకింత పేరు?

మువ్వలు
నేను చెప్తాను, ఈ ప్రశ్న ఎవరడిగినా నాకు సంతోషమే. 1881లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టింది. తల్లి బట్టలుతికి బతికిన మనిషి. చిన్నప్పుడు అమ్మ మారిన్‌స్కీ థియేటర్‌కు తీసుకెళ్ళి ఒక బ్యాలే చూపించింది, అంతే, పిల్ల ఇక దేని గురించీ మాట్లాడలేదు. పదేళ్ళకు ప్రభుత్వ బ్యాలే స్కూల్లో సీటు వచ్చింది. 1899లో చదువు పూర్తిచేసి 1906కల్లా మారిన్‌స్కీలో ప్రధాన నర్తకి అయింది.

ఆ రోజుల్లో కండపట్టి, బలంగా ఉండి, గిరగిరా తిరగగలిగేవాళ్ళకే విలువ. ఈమె సన్నగా, బలహీనంగా కనిపించేది. పాదాల వంపు మరీ ఎక్కువ. పనికిరాదన్న ఆ శరీరంతోనే ఆమె వేదిక మీద బరువన్నది లేనట్టు కదిలింది. ఫోకిన్ అనే నృత్య రచయిత ఆమె కోసం కొద్ది నిమిషాల అంశం ఒకటి కూర్చాడు. సాంసాన్స్ స్వరపరిచిన చెల్లో సంగీతానికి ఒక హంస చనిపోవడం, అంతే కథ. గోదారి గారి ఫొటోలో ఉన్న దుస్తులు అవే. దాన్ని జీవితంలో దాదాపు 4,000 సార్లు ఆడిందని చెబుతారు.

సొంత బృందం పెట్టుకుని ప్రపంచమంతా తిరిగింది. ఓడల్లో, రైళ్ళల్లో, బ్యాలే అంటే ఏమిటో ఎప్పుడూ చూడని ఊళ్ళకు కూడా వెళ్ళింది. నాకు ఆమెలో అన్నిటికంటే గొప్పగా తోచేది ఇదే. 1931 జనవరి 23న నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో ఒక హోటల్ గదిలో ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది, అప్పుడూ టూర్‌లోనే ఉంది. యాభై నిండడానికి మూడు వారాలు తక్కువ.

లండన్ గోదారి
అందరికీ ధన్యవాదాలు. భూతద్దం తెచ్చి చూశాను. చుక్కలు లేవు. సంతకం నల్ల సిరా, కొన్నిచోట్ల గోధుమ రంగుగా ఉంది. వెలుగులో వంచితే సిరా కొంచెం మందంగా, వేరే మెరుపుతో కనిపిస్తోంది. ఒక అక్షరం ఇంకో అక్షరాన్ని దాటిన చోట రంగు చిక్కగా ఉంది. గీతల్లో కొన్నిచోట్ల రెండు అంచులూ నల్లగా, మధ్యలో పల్చగా ఉంది. ఇది దేనికి గుర్తు?

పాతకాగితం
చాలా మంచి గుర్తు. రెండు అంచులు చిక్కగా, మధ్య పల్చగా ఉండడం పాళీ గుర్తు. రాస్తున్నప్పుడు చీలిన పాళీ విచ్చుకుని రెండు గీతలు పడతాయి, మధ్యలో సిరా పల్చగా పరుచుకుంటుంది. 1924 నాటికి బాల్‌పెన్నులు మార్కెట్లో లేవు, అవి అమెరికాలో అమ్మకానికి వచ్చింది 1945లో. స్కెచ్ పెన్నులు ఇంకా తర్వాత. సంతకాలు పెట్టే యంత్రాలు కూడా అప్పటికి వాడుకలో లేవు. కాబట్టి మీది మనిషి చేత్తో, పాళీతో పెట్టిన సంతకం. ఏ మనిషి అన్నది ఇంకా తేలాలి. పేరున్నవాళ్ళ తరఫున సహాయకులు సంతకాలు పెట్టడం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

కాగితం సంగతి చూద్దాం. దొంగనోట్లు చూడడానికి దుకాణాల్లో వాడే యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చి తీసుకుని చీకటి గదిలో వెలిగించండి. ప్రింటు అంచు నీలంగా మెరిసిపోతుంటే అందులో తెల్లదనం కోసం కలిపే రసాయనం ఉన్నట్టు. ఫొటో కాగితాల్లో అది సాధారణమైంది 1950ల నుంచి. మెరవకపోతే పాత కాగితం కావడానికి అవకాశం ఎక్కువ. అట్ట మెరిసినా కంగారు పడకండి, అట్ట తర్వాత మార్చి ఉండొచ్చు. చూడాల్సింది ప్రింటునే.

ముద్ర చదవడానికి మామూలు టార్చిని అట్టకు దాదాపు ఆనించి, పక్క నుంచి వెలుగు పాకేలా పెట్టండి. పెన్సిల్‌తో రుద్దకండి.

డార్క్‌రూమ్ బాబాయ్
ఇంకోటి. ఫొటోలో బాగా నల్లగా ఉన్న భాగాల మీద, ముఖ్యంగా అంచుల్లో, నీలంగా లోహపు మెరుపు ఉందేమో చూడండి. ప్రింటు మీదున్న జెలటిన్ అనే పొరలోని వెండి ఏళ్ళు గడిచేకొద్దీ పైకి తేలి అలా అద్దంలా మెరుస్తుంది. నిన్నమొన్న వేసిన నకలుకి ఆ మెరుపు తెప్పించడం తేలిక కాదు.

మువ్వలు
గోదారి గారూ, భూతద్దం చేతిలో ఉండగానే ఒక పని చేయండి. ఆమె పాదం చూడండి, నేల తాకే కొన దగ్గర. పెన్సిల్ మొన అంత సన్నగా ఉందా?

ఎందుకంటే పావ్లోవా బూట్లు నిజానికి అలా ఉండేవి కావు. ఆమె పాదం సన్నం, వంపు ఎక్కువ, బరువంతా బొటనవేలి మీద పడేది. అందుకని బూటు అడుగున గట్టి తోలు వేసి, ముందు భాగాన్ని గట్టిపరచి, కొనను కొంచెం చదునుగా చేసుకునేది. అది మోసమని తోటివాళ్ళు కొందరు అన్నారు. ఇప్పుడు ప్రపంచంలో బ్యాలే నేర్చుకునే ప్రతి అమ్మాయీ గట్టి బూట్లే తొడుగుతోంది, దారి చూపినవాళ్ళలో ఆమె ఒకరు. కానీ ఫొటోల్లో ఆ చదునైన కొన కనిపించడం ఆమెకు ఇష్టం లేదు. దిద్దించి సన్నగా చేయించేది.

కొత్తగా చేరాను
అంటే ఫొటోనే దిద్దారన్నమాట. మరి అసలుదా కాదా అని ఇంత పరీక్ష ఎందుకు? బొమ్మే అబద్ధం కదా.

డార్క్‌రూమ్ బాబాయ్
బాబూ, టచింగ్ లేని స్టూడియో ఫొటో ఆ రోజుల్లో ఎక్కడుంది? పెళ్ళికూతురి చెంప మీద మచ్చ తీయకపోతే మా దగ్గర డబ్బులే ఇచ్చేవాళ్ళు కాదు.

ఇది ఎలా చేసేవాళ్ళో చెప్తాను. లేత రంగు బూటు నెగటివ్‌లో నల్లగా, చిక్కగా ఉంటుంది. వెనక చీకటి తెర నెగటివ్‌లో తేటగా ఉంటుంది. బూటు సన్నబడాలంటే ఆ చిక్కటి భాగం అంచుని సన్నని కత్తితో పొర పొరగా గీకాలి. గీకినంత మేర ప్రింటులో నలుపు వచ్చి వెనక తెరలో కలిసిపోతుంది. చెయ్యి వణికితే గాజు పలక పాడయినట్టే. భూతద్దంలో పాదం పక్కన చిన్న చిన్న నల్లటి గీతలు, వెనక తెర నలుపుతో సరిగ్గా కలవని మచ్చలు కనిపిస్తే అవి ఆ కత్తి జాడలే. ఆ పని చేసినవాడి పేరు ఎక్కడా ఉండదు గానీ అది గొప్ప పనితనం.

మువ్వలు
అబద్ధం అనడం నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. తను ఎలా కనిపించాలో ఆమె నిర్ణయించుకుంది. నాట్యం కూర్చేవాళ్ళ పనిలోనూ, సంగీతం కూర్చేవాళ్ళ పనిలోనూ తర్వాతి తరాలకు ఏదో ఒకటి మిగులుతుంది. సినిమా ఇంకా పసితనంలో ఉన్న కాలంలో నర్తకికి మిగిలేది ఫొటోనే. ఆమె కదిలిన కాసిని ఫిల్ములు ఉన్నాయి, అవి చూస్తే ఆ కాలపు కెమెరాకు ఆమె అందలేదనిపిస్తుంది. అందుకే ఫొటో విషయంలో అంత పట్టుదల.

కొత్తగా చేరాను
మీ మాట అర్థమైంది. అయినా నేర్చుకునే పిల్లలు ఆ బొమ్మలు చూసి తమ కాళ్ళు అలా లేవని బాధపడి ఉంటారు కదా. మా చెల్లెలు భరతనాట్యం నేర్చుకుంటూ ఫోన్‌లో దిద్దిన వీడియోలు చూసి టెన్షన్ పడుతుంటుంది. అందుకే అడిగాను.

మువ్వలు
అది నిజమే. దానికి నా దగ్గర జవాబు లేదు.

లండన్ గోదారి
ముద్ర చదవగలిగాను! టార్చి పక్క నుంచి పెడితే స్పష్టంగా వచ్చింది. మిష్కిన్, న్యూయార్క్ అని ఉంది. యూవీలో ప్రింటు మెరవలేదు. నల్లటి అంచుల్లో నీలం మెరుపు ఉంది. పాదం పక్కన బాబాయ్ గారు చెప్పిన నల్ల గీతలు కూడా ఉన్నాయి, మీరు చెప్పకపోతే మురికి అనుకునేదాన్ని.

పాతకాగితం
హెర్మన్ మిష్కిన్. న్యూయార్క్‌లో మెట్రోపాలిటన్ ఒపేరా గాయకులను చాలా ఏళ్ళు ఫొటోలు తీసిన మనిషి. పావ్లోవా అక్కడ మొదటిసారి నాట్యం చేసింది 1910 ఫిబ్రవరి 28న, అదే మెట్రోపాలిటన్‌లో, మిఖాయిల్ మోర్ద్‌కిన్ జంటగా, కొప్పేలియా బ్యాలేలో. ఆ రాత్రి ఒపేరా అంతా ముగిశాక బాగా పొద్దుపోయి మొదలైన ప్రదర్శన అది, అయినా జనం లేవలేదు. వాళ్ళిద్దరి ఫొటోలు మిష్కిన్ తీసినవి బాగా ప్రసిద్ధం.

అందుకే మొదట మూడు తేదీల మాట చెప్పాను. బొమ్మ 1910 నాటిది అయ్యుండి, సంతకం 1924లో పెట్టినా ఆశ్చర్యం లేదు. 1923 శరత్కాలం నుంచి 1924 దాకా ఆమె బృందం అమెరికాలో పెద్ద టూర్‌లో ఉంది. 1924 చివర్లో మళ్ళీ వెళ్ళింది. మీ పక్కింటావిడ చెప్పిన కథకీ, రాసిన సంవత్సరానికీ పొత్తు కుదురుతోంది. పోస్టుకార్డు కాదు, స్టూడియో అట్ట మీద ఉన్న పెద్ద ప్రింటు. నా అంచనాలో ఇది అసలుది కావడానికే అవకాశం చాలా ఎక్కువ. ఆఖరి మాట మాత్రం, ఆమె సంతకాలు చాలా చూసిన నిపుణులు ఫొటోని చేతిలో పట్టుకుని చెప్పాల్సిందే. లండన్‌లో ఉన్నారు కాబట్టి మీకు అది తేలిక.

తెనాలి చదువరి
ఆలస్యంగా వచ్చాను. 1923–24 టూర్ అన్నారు కనుక చెబుతున్నాను, ఆ టూర్ బృందంలో మన నర్తకుడు ఉదయ్ శంకర్ ఉన్నాడు! అప్పటికి లండన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో చిత్రకళ చదువుతున్న కుర్రవాడు. పావ్లోవా 1922లో ఆసియా పర్యటనకు బయలుదేరి జపాన్, చైనా చూసి మన దేశానికి వచ్చింది. తిరిగి వెళ్ళాక భారతీయ కథావస్తువుతో నాట్యం చేయాలని ఉదయ్ శంకర్‌ని పిలిపించింది. హిందూ వివాహం, రాధాకృష్ణులు అని రెండు అంశాలు తయారయ్యాయి. ఆమె రాధ, అతను కృష్ణుడు. 1923 సెప్టెంబరులో లండన్ కోవెంట్ గార్డెన్‌లో మొదటి ప్రదర్శన.

అదే నెలలో అక్కడే అజంతా కుడ్యచిత్రాల మీద ఒక బ్యాలే కూడా వేసింది. ఇక్కడ మనవాళ్ళు గమనించాల్సింది ఒకటుంది. అప్పుడు అజంతా హైదరాబాద్ సంస్థానంలో ఉంది. గులాం యాజ్దానీ ఆధ్వర్యంలో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ ఇటలీ నుంచి చెక్కోని, ఓర్సిని అనే ఇద్దరు నిపుణులను రప్పించి 1920–22 మధ్య ఆ చిత్రాలను బాగుచేయించింది. హైదరాబాద్ ఖర్చుతో గోడల మీద నిలబడిన బొమ్మలు ఆ మరుసటి ఏడే లండన్ వేదిక మీద నాట్యంగా కనిపించాయన్నమాట. నాకు ఇది చాలా ఇష్టమైన సంగతి.

మువ్వలు
చదువరి గారూ, మీ సంతోషం నాకూ ఉంది గానీ ఒకటి చెప్పాలి. అజంతా బ్యాలే కూర్చింది క్లుస్తీన్ అనే రష్యన్, సంగీతం చెరెప్నిన్‌ది. ఉదయ్ శంకర్‌కి కూడా అప్పటికి మన శాస్త్రీయ నాట్యంలో పద్ధతి ప్రకారం శిక్షణ లేదు. కాబట్టి అక్కడ జరిగింది మన నాట్యం కాదు. బొమ్మల్లో, శిల్పాల్లో చూసిన భంగిమలకు వాళ్ళు అల్లుకున్న కదలిక.

ఆమె వల్ల మన నాట్యానికి జరిగిన అసలు మేలు ఇంకోచోట ఉంది. రుక్మిణీదేవి అరండేల్ ఆమె ప్రదర్శనలు చూసి అభిమాని అయింది. తర్వాత ఇద్దరూ ఒకే ఓడలో ఆస్ట్రేలియా వెళ్ళారు. రుక్మిణీదేవికి బ్యాలే నేర్పమని పావ్లోవా తన బృందంలోని క్లియో నోర్డీకి అప్పగించింది. మీ దేశపు నాట్యాన్ని వెతుక్కో అని కూడా ఆమే చెప్పింది. రుక్మిణీదేవి సదిర్ (ఇప్పటి భరతనాట్యానికి పాత రూపం) నేర్చుకుని, 1936లో మద్రాసు అడయారులో కళాక్షేత్ర అనే నాట్య సంస్థ పెట్టింది. మేలట్టూరు వెంకటరామశాస్త్రి రాసిన తెలుగు యక్షగానాలు ఉషాపరిణయం, రుక్మాంగద చరిత్ర తర్వాత అదే సంస్థ వేదికకెక్కించింది. తంజావూరు జిల్లాలో ఒక పల్లెకు పరిమితమైపోయిన తెలుగు నాటకాలవి.

దేవదాసీల చేతిలో ఉన్న కళను తీసుకుని కొంత మార్చేశారన్న విమర్శ కళాక్షేత్ర మీద ఉంది. నేనూ దాన్ని కొంతవరకు ఒప్పుకుంటాను. అయినా ఆ ఓడ ప్రయాణం జరగకపోతే ఏమయ్యేదో అని ఆలోచిస్తూంటాను.

తెనాలి చదువరి
శిక్షణ లేదన్న మాట నిజమే. అయితే పావ్లోవా తర్వాత ఉదయ్ శంకర్‌ని తన దారి తనే వెతుక్కోమని పంపించింది. అతను దేశానికి వచ్చి గురువుల దగ్గర కూర్చున్నాడు, అల్మోరాలో నాట్య కేంద్రం పెట్టాడు. ఇద్దరికీ ఆమె చెప్పింది దాదాపు ఒకే సలహా. దాన్ని తక్కువ చేయలేను.

గోదారి గారు లండన్‌లోనే ఉన్నారు కనుక ఇంకొకటి. విక్టోరియా ప్యాలెస్ థియేటర్ గుమ్మటం మీద బంగారు పూత వేసిన పావ్లోవా బొమ్మ ఉంటుంది, చూడండి. మొదటిది 1911లో పెట్టారు. ఆమెకి నమ్మకాలు ఎక్కువ, ఆ దారిన వెళ్ళేటప్పుడు కారు తెరలు దించుకుని బొమ్మ వైపు చూసేది కాదట. యుద్ధం వచ్చినప్పుడు 1939లో జాగ్రత్త కోసం దించారు, అది మళ్ళీ దొరకలేదు. ఇప్పుడున్నది 2006లో పెట్టిన నకలు. ఆమె ఉన్న ఇల్లు ఐవీ హౌస్ గోల్డర్స్ గ్రీన్‌లో ఉంది. అక్కడి చెరువులో జాక్ అనే హంసని పెంచింది, దాని మెడ తన మెడకు చుట్టుకున్న ఫొటో చాలా ప్రసిద్ధం.

లండన్ గోదారి
ఐవీ హౌస్ మా ఇంటికి బస్సులో దగ్గరే! ఇన్నాళ్ళూ తెలియదు. ఫొటో ఎలా దాచాలో కూడా చెప్పండి. ఇండియాలో అమ్మ లామినేషన్ చేయించమంటోంది.

డార్క్‌రూమ్ బాబాయ్
లామినేషన్ మాత్రం వద్దే వద్దు. వేడికి జెలటిన్ మెత్తబడుతుంది, జిగురు సిరాలోకి దిగుతుంది, ఇక ఎవరూ విడదీయలేరు. మన ఇళ్ళల్లో తాతల ఫొటోలు సగం అలాగే పోయాయి. జిగురు పేజీల ఆల్బమ్‌లు కూడా అంతే.

ఫ్రేము కట్టిస్తే అద్దం ఫొటోకి తగలకూడదు. తేమ ఉన్న రోజుల్లో జెలటిన్ అద్దానికి అతుక్కుంటుంది. మధ్యలో ఆమ్లం లేని అట్టతో కిటికీలా కోసిన చట్రం పెట్టించండి. ఎండ పడే గోడ వద్దు, పాత సిరా వెలుతురుకి ముందు వెలిసిపోతుంది. పాత అట్ట నుంచి ఫొటోని ఊడదీయొద్దు.

పాతకాగితం
ఊడదీయొద్దు సరే, వెనక వైపు కూడా తుడవొద్దు. పెన్సిల్ రాతలు, ధర, దుకాణం చీటీ, ఏది ఉన్నా అది ఫొటో చరిత్రే. పక్కింటావిడ దగ్గర ఒక ఉత్తరం రాయించుకోండి. వాళ్ళమ్మగారు ఏ ఊళ్ళో, ఏ థియేటర్లో చూశారు, సంతకం తన ఎదుటే పెట్టారా, పోస్టులో వచ్చిందా, ఇన్నేళ్ళూ ఎవరి దగ్గర ఉంది. తెలిసినంత వరకే రాయమనండి. అలంకారాలు చేరిస్తే తర్వాత ఎవరూ నమ్మరు.

బొమ్మ తేదీ కోసం న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ నాట్య విభాగం ఆన్‌లైన్‌లో పెట్టిన పావ్లోవా ఫొటోలు చూడండి. లండన్‌లో వీ అండ్ ఏ (విక్టోరియా అండ్ ఆల్బర్ట్) మ్యూజియంలో కూడా ఆమె ఫొటోలు ఉన్నాయి. ముఖం పోల్చకండి, అది దిద్దినది. రొమ్ము దగ్గర ఈకల అమరిక, రాయి పొదిగిన చోటు, తలకట్టు, వెనక తెర మడతలు పోల్చండి. ఒకే రోజు తీసిన ఫొటోల్లో తెర మడతలు కలుస్తాయి.

సంతకం పోల్చేటప్పుడు 1922 నుంచి 1926 మధ్య పెట్టినవే ముందు పెట్టుకోండి. 1910లో పెట్టినదానితో పోల్చి తేడాగా ఉందని భయపడొద్దు. అక్షరాల ఆకారం కంటే చెయ్యి ఎక్కడ ఆగింది, ఎక్కడ లేచింది, వేగం ఎక్కడ పెరిగింది అన్నది చూడాలి. చూసి గీసినవాడి గీత మెల్లగా, ఒకే మందంతో నడుస్తుంది. అలవాటుగా పెట్టినవాళ్ళ గీత చివర్లో సన్నబడి గాల్లోకి లేస్తుంది.

మువ్వలు
గోదారి గారూ, స్కాన్ చేయించేటప్పుడు 1200 డీపీఐలో (అంగుళానికి 1200 చుక్కల వివరంతో) చేయించి, పాదం ఉన్న భాగాన్ని మాత్రం విడిగా ఇక్కడ పెట్టగలరా? మా క్లాసులో పెద్ద పిల్లలకు చూపించాలి. బాబాయ్ గారు చెప్పిన కత్తి గీతల మీద బాణం గుర్తులు పెడితే ఇంకా మంచిది. కొత్తగా చేరాను గారి చెల్లెలికి కూడా అది చూపించండి, దిద్దకముందు బూటు అంచు ఎక్కడిదాకా ఉండేదో అందులో కనిపిస్తుంది.